మౌనం పాటించాల్సిన వేళ

పోయినవారం మైకమ్మను మనం ఎక్కడ వదిలేశామో గుర్తుందా? లేకపోయినా నేరమేం కాదు, ఎవరి తలనొప్పులు వాళ్లకుంటాయి. జాతీయ దినోత్సవం. రాజధానిలో నది పక్కనున్న మైదానమంతా ఇసక వేస్తే రాలనంత జనం. తప్పిపోయిన వాళ్ల టెంటులో మైకు ముందు మన మైకమ్మ. మామూలు రోజుల్లో ఆమె బస్‌స్టేషన్‌లో బస్సుల రాకపోకలు చెబుతుంది. పండగ పూట మాత్రం తప్పిపోయిన మనుషుల్ని పిలుస్తుంది. భర్త పోయి ఏడాది దాటింది. అత్తగారికి మతిమరుపు. కొడుకు పోయిన సంగతి ఆవిడకి ఒకసారి చెబితే గుండెలు బాదుకుని ఏడ్చింది, తెల్లారేసరికి మరిచిపోయి "మావాడు వచ్చాడా?" అంది. మళ్లీ చెబితే మళ్లీ కొత్తగా ఏడ్చింది. మూడోసారి కూడా అలాగే అయ్యాక, ఒక తల్లికి కొడుకు ఎన్నిసార్లు చావాలి అని మైకమ్మ ఒట్టు పెట్టుకుంది. అప్పట్నుంచి ఎప్పుడడిగినా "డ్యూటీలో ఉన్నారత్తయ్యా" అనే ఒక్క మాటే.

ఆ అత్తగారిని, పండగ చూపించుకొస్తానని పొద్దున ఆడపడుచు చిట్టి వెంటబెట్టుకెళ్లింది. మధ్యాహ్నం తిరిగాక చిట్టి ఒక్కతే రొప్పుకుంటూ టెంటులోకొచ్చి పడింది. "వదినా, అమ్మ తప్పిపోయింది!" అక్కడ ఆపాం.

అప్పట్నుంచి మైకమ్మ గొంతుకి ఆనకట్ట లేదు. "దయచేసి వినండి. పెద్దావిడ. పొట్టి మనిషి, తెల్ల జుట్టు. ఆకుపచ్చ స్వెట్టరు, గళ్ల శాలువా. కుడికాలి చెప్పుకి పిన్నీసు. ఎక్కడ కనిపించినా చెయ్యి పట్టుకుని, గడియారం స్తంభం పక్కనున్న టెంటుకి తీసుకురండి." పేరు చెప్పదు. ఆ టెంటులో కట్టుబాటు అది. మైకులో పేరు వినిపించిందంటే, ఆ పేరు పెట్టి పిలిచే ప్రతి దొంగవెధవా మేనమామ అయిపోతాడు.

బయట పండగ మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. బూరలు ఊదుతూ బ్యాండువాళ్లు, భుజాల మీద పిల్లలు, పిల్లల చేతుల్లో జెండాలు. సాయంత్రానికి నది మీద బాణసంచా కాలుస్తారు. దానికి ముందు అధ్యక్షులవారు వస్తారు, దేశం కోసం చనిపోయిన వాళ్లకి రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు, ఫిరంగులు పేలుస్తారు. ఆ వెంటనే వంతెనకి రెండు వైపులా కట్టిన తాళ్లు తీసేస్తారు. ఇక చూడాలి ఆ తొక్కిడి! ఏటా ఎవరో ఒకరు ఆ వంతెన మీద కాలో చెయ్యో విరగ్గొట్టుకుంటారు. పోయినేడు ఒక ముసలాయన రెయిలింగు మీంచి నదిలో పడ్డాడు. ఆయన కోసం అనౌన్స్ చేసింది కూడా మైకమ్మే. ఆ గొంతుకి ఆయన రాలేదు.

పొద్దు వాలిపోతోంది. అత్తయ్య జాడ లేదు.

అప్పుడే ఒక లావుపాటి ఆయన టెంటులోకి తోసుకొచ్చాడు. "అమ్మా, మా బావమరిది తప్పిపోయాడు. వాడు దొరక్కపోయినా దేశానికొచ్చిన నష్టమేం లేదుగానీ, బండి తాళాలు వాడి దగ్గరున్నాయి."

"ఏం చొక్కా వేసుకున్నారండీ?"

"ఎర్రది. కాదు, కాదు, చారలది. ఆగండాగండి... అసలు చొక్కా వేసుకున్నాడా, బనీనే ఉందా?"

వెనకాల నుంచి ఆయన భార్య వచ్చి, "నీలం చొక్కా! మీరే కదండీ పుట్టినరోజుకి కొనిచ్చింది" అని ఆయన వీపు మీద ఒకటి చరిచింది. టెంటులో నలుగురూ నవ్వారు.

మైకమ్మ నవ్వలేదు. ఆమెకి ఏదో గుచ్చుకుంది. ఎన్ని పండగల నుంచి ఈ కుర్చీలో కూర్చుంటోంది! నిజంగా మనిషిని పోగొట్టుకున్నవాళ్లకి రంగులు గుర్తుండవు. పొద్దున తన చేత్తో తొడిగిన గౌను రంగు కూడా తల్లి తప్పు చెబుతుంది. పచ్చది అంటుంది, ఎర్రది అంటుంది, చివరికి నేల మీద చతికిలబడి ఏడుస్తుంది. కానీ చిట్టి తడుముకోలేదు. స్వెట్టరు, శాలువా, పిన్నీసు అన్నీ వరసగా, ముందే కంఠతా పట్టి వచ్చినట్టు చెప్పింది. ఇంతసేపూ కంగారులో మైకమ్మ ఆ పాఠాన్నే చిలకలా మళ్లీ మళ్లీ పలుకుతోంది.

"ఛీ, నా బుద్ధి కాలా. సొంత ఆడపడుచుని అనుమానించడమేమిటి!" అని తనని తాను తిట్టుకుంది. తిట్టుకుంటూనే మైకు మీట కిందికి నొక్కింది. ఆగిందో లేదో వేలితో తట్టి చూసుకుని మరీ లేచింది. చిట్టిని టెంటు వెనక తెర చాటుకి తీసుకెళ్లింది.

"చిట్టీ, పొద్దున అత్తయ్య ముంజేతి మీద ఫోన్ నంబరు రాశాను కదా. ఇంత జనంలో ఒక్కరైనా చూసి ఫోన్ చెయ్యరా?"

"చెమటకి చెరిగిపోయుంటుంది వదినా."

"లాండ్రీలో బట్టలకి గుర్తులేసే సిరా అది. చెమటకి పోదు, వానకి పోదు. సబ్బు పెట్టి రుద్దితేగానీ పోదు."

చిట్టి తన రెండు చేతులూ శాలువాలో దాచుకుంది. దాచేలోపే ఆ వేళ్లకంటిన సిరా మైకమ్మ కంటపడింది.

"కడిగావా?"

చిట్టి తల దించుకుంది.

"నిన్నే అడిగేది. కడిగావా?"

"కడిగాను." అంది చిట్టి. "కుళాయి దగ్గర కూర్చోబెట్టి కడిగాను. చక్కిలిగిలి పెడుతున్నావే అని నవ్వింది వదినా. చాన్నాళ్లకి నవ్వింది."

మైకమ్మ చెయ్యి లేచింది. చెంప పగిలేలా ఒకటిచ్చుకుంటే బాగుండుననిపించింది. అంత కోపం ఆమెకి పుట్టి బుద్ధెరిగాక రాలేదు. కానీ కొట్టడానికైనా తీరిక ఉండాలి కదా.

"ఎక్కడ వదిలావు?"

"నన్ను చంపెయ్ వదినా."

"తర్వాత చంపుతాను. ముందు ఎక్కడ వదిలావో చెప్పి చావు!"

"ఈ మైదానంలో లేదు."

మధ్యాహ్నం నుంచి మైకమ్మ గొంతు చించుకుని అరిచిందంతా బూడిదలో పోసిన పన్నీరే! లేని మనిషి కోసం ఉన్న జనాన్నంతా వెతికించింది. పక్కనే కూర్చుని, మంచినీళ్లందిస్తూ, ఈ మహాతల్లి అంతా విన్నది.

"పండగ బస్సు ఎక్కించాను" అంది చిట్టి. "ఊరంతా చుట్టూ తిరుగుతాయి కదా, టిక్కెట్టు లేకుండా."

"ఏ బస్సు?"

"నంబరు చూడలేదు. చూస్తే పరిగెత్తుకెళ్లి దింపేసుకుంటానేమోనని, తల తిప్పుకుని వచ్చేశాను."

"ఎక్కనని అనలేదా ఆవిడ?"

"అంది. అందుకే..." చిట్టి శాలువా అంచు నోట్లో కుక్కుకుంది. తల్లికీ తనకీ ఒకే గుడ్డలోంచి కుట్టించిన శాలువాలవి. "అన్నయ్య దగ్గరికి వెళ్తుందమ్మా ఈ బస్సు అని చెప్పాను. అన్నయ్యే వచ్చి చెయ్యి పట్టుకుని దింపుతాడు, ఇంకెవరు దిగమన్నా దిగకు అన్నాను. వెంటనే ఎక్కేసింది. కిటికీ దగ్గర కూర్చుని నాకు చెయ్యి ఊపింది."

ఇదీ సంగతి. చచ్చిపోయిన కొడుకు వచ్చి దింపేదాకా ఆ తల్లి బస్సు దిగదు.

"నువ్వు కూతురివేనా? కడుపుకి అన్నమే తింటున్నావా?"

అంతసేపూ తల దించుకున్న చిట్టి ఆ మాటకి చివాల్న తలెత్తింది. "అను వదినా, అను. నువ్వు మాత్రం? ఇంక నావల్ల కాదు చిట్టీ, తీసుకెళ్లి నీ దగ్గరే పెట్టుకో అని మొన్న గుమ్మంలో సంచీ పెట్టింది ఎవరు? నువ్వు. మీ అమ్మైనా ఉండాలి, నేనైనా ఉండాలి అన్నదెవరు? మా ఆయన. మీరందరూ ఎవరి మాట వాళ్లు అనేసి చేతులు దులుపుకున్నారు. కంటి మీద కునుకు లేనిది నాకు. నిన్న అన్నం పెడుతుంటే చెయ్యి కొరికింది. ఎవరే నువ్వు, మా ఇంట్లో ఏం ఎత్తుకుపోదామని వచ్చావు అంది. కన్నకూతుర్ని వదినా! పోయినవాడు గుర్తున్నాడు. ఎదురుగా ఉన్నదాన్ని, నేను దొంగని!"

సంచీ సంగతి నిజమే. మైకమ్మ ఆ మాట అన్నది నిజమే. అన్న మర్నాడే వెళ్లి అత్తయ్యని వెనక్కి తెచ్చుకుంది, కానీ అన్న మాట వెనక్కి రాదు కదా. ఇద్దరాడవాళ్లూ ఆ తెర చాటున ఒకరి మొహం ఒకరు చూడలేక నిలబడ్డారు. బయట బ్యాండువాళ్లు హుషారు పాట ఎత్తుకున్నారు.

ఏడ్చే టైమెక్కడుంది? మైకమ్మ బస్‌స్టేషన్‌కి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఎత్తలేదు. పండగ పూట ఎవడెత్తుతాడు! ఆమెకి ఆ బస్సుల సంగతి అరచేతిలో గీతంత తెలుసు. మౌనం వేళకి ఎక్కడి బస్సులక్కడ ఆగిపోతాయి. ఫిరంగులు పేలగానే వంతెన దారులన్నీ జనానికి వదిలేస్తారు గనక, ఉన్నవాళ్లని ఉన్నచోటే దింపేసి ఖాళీ బస్సులు డిపోకి వెళ్లిపోతాయి. అత్తయ్య దిగనంటుంది. కండక్టరు చెయ్యి పట్టి లాగుతాడు. ఆవిడ కొరుకుతుంది, గింజుకుంటుంది, భయపడి ఎటో పరిగెడుతుంది. ఎటు పరిగెత్తినా జనమే, జనం అంతా నది వైపే.

"అమ్మడూ, నీ లైను తీసేస్తున్నా. పెద్దాయన బండి వచ్చేసింది."

తీగల బాబాయి గొంతు. మైదానంలో మైకులన్నీ చూసుకునే ఆయన. మెడలో ఎప్పుడూ తీగల చుట్ట వేలాడుతూ ఉంటుందని ఆ పేరు. ఆయన మీటల పెట్టె ఈ టెంటు వెనకే ఉంది.

"ఇప్పట్నుంచి ఒకటే లైను. స్టేజీ మీద గొంతు తప్ప ఇంకోటి వినపడకూడదని పైనుంచి ఆర్డరు" అంటూ వంగాడు.

"మైదానంలోనేనా బాబాయ్?"

"భలేదానివే! ఊరంతా. ప్రతి కూడలిలో, ఆస్పత్రిలో, మార్కెట్లో, బస్సుల్లో రేడియోలక్కూడా ఇదే. ఈ పెట్టెలోంచే పోవాలి అంతా. ఏదన్నా తేడా వస్తే నా మెడకే ఉరి."

"బస్సుల్లో కూడా?" మైకమ్మ ఆయన చెయ్యి పట్టేసుకుంది. "మౌనం పాటించేటప్పుడు లైను కట్టేస్తావా?"

"కట్టెయ్యను. తెరిచే ఉంటుంది. మాట్లాడేవాడే ఉండడు." చెబుతూ చెబుతూ ఆయన ఆగిపోయాడు. ఆమె మొహం చూశాడు. "వద్దు తల్లీ. నువ్వేం అనుకుంటున్నావో అది వద్దు."

"నా మీట ఒక్కటీ తియ్యకు బాబాయ్. నీ కాళ్లు పట్టుకుంటాను."

"దేశమంతా తల వంచుకుని నిలబడే వేళ అది! మధ్యలో నోరెత్తితే నిన్నూ నన్నూ కట్టగట్టి లోపలేస్తారు. మా ఆవిడకి ఏం చెప్పుకోను?"

మైకమ్మ చెప్పింది. అత్తయ్య బస్సులో ఉందని, కొడుకు వస్తేగానీ దిగదని, కొడుకు లేడని, రెండు ముక్కల్లో చెప్పింది. చిట్టి చేసింది మాత్రం చెప్పలేదు. చిట్టి అది గమనించి, టెంటు గుంజకి చేరబడి, చప్పుడు కాకుండా ఏడ్చింది.

బాబాయి మీటల పెట్టె వంక ఒకసారి చూసి, ఎవరితోనో మాట్లాడినట్టు, గాలిలోకి, "గొంతెండి పోతోంది. మంచినీళ్లు తాగొస్తా. పెట్టె వదిలి కదలకండీ అని మా ఆవిడ పోరుతూనే ఉంటుంది, నేను వింటేగా" అన్నాడు. తీగల చుట్ట సర్దుకుని, వెనక్కి తిరక్కుండా వెళ్లిపోయాడు. పెట్టెలో ఆమె లైను తెరిచే ఉంది.

మైకమ్మ వచ్చి మైకు ముందు కూర్చుంది. చిట్టి పక్కనే మోకాళ్ల మీద కూలబడింది.

"ఏం చెబుతావు వదినా?"

"నిజం."

చిట్టికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అయ్యాక, వదిన మోకాలు గట్టిగా పట్టుకుంది. "వద్దు! ఊరందరి మధ్యా, మనం ఎవ్వరం పక్కన లేకుండా వింటే గుండె ఆగిపోతుంది. అన్నయ్య కింద నిలబడ్డాడు, దిగమ్మా అని చెప్పు. దిగేస్తుంది."

"దిగుతుంది. దిగి మీ అన్నయ్య కోసం వెతుక్కుంటుంది. ఆయనలాంటి చొక్కా ఎవడు వేసుకున్నా వాడి వెనకాల పోతుంది. నది దాకా పోతుంది. ఆ అబద్ధమే కదే ఆవిణ్ణి బస్సెక్కించింది. అదే అబద్ధంతో ఎలా దింపను?"

చెప్పేసిందిగానీ, ఆ ఏడుపు ఆమెకి తెలుసు. మూడుసార్లు విన్నది. నాలుగోసారి వినకూడదని ఏడాదిగా ఎంత జాగ్రత్తపడింది! ఇప్పుడు కనీసం ఆ తల ఒళ్లో పెట్టుకోవడానిక్కూడా లేదు. దేవుడా, ఈ ఒక్క పనీ నా చేత చేయించకు అనుకుంది. చేయించేలాగే ఉన్నాడు.

బ్యాండు ఆగింది. స్టేజీ మీంచి ఎవరో గంభీరంగా ప్రకటించారు. మైదానం మైదానమంతా లేచి నిలబడింది. బుడగలమ్మేవాడు బుడగలు గుండెకి అదుముకుని నిలబడ్డాడు. చిన్నపిల్లల నోళ్లు తల్లులు మూశారు. అంత ఊళ్లో జెండాల రెపరెపలు తప్ప చప్పుడు లేదు.

మైకమ్మ మైకు మీట పైకి ఎత్తింది.

"దయచేసి వినండి" అంది, అలవాటు చొప్పున. ఆ మాట కూడలి కూడలి నుంచీ తిరిగొచ్చి ఆమె చెవిలోనే పడింది. మైదానంలో వంచిన తలలన్నీ ఒక్కసారి లేచాయి.

"అత్తయ్యా, నేను. మీ కోడల్ని. మీరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారు. మీ అబ్బాయి వచ్చి దింపుతాడని చూస్తున్నారు. ఆయన రారత్తయ్యా. డ్యూటీలో లేరు. పోయినేడు వానాకాలంలో జబ్బు చేసి మనల్ని వదిలి వెళ్లిపోయారు. ఆయన కళ్లు మూసింది మీరే. నుదురు నిమిరింది మీరే. మీరు మరిచిపోతే, గుర్తుచెయ్యడానికి నాకు నోరు రాలేదు. అందుకని రోజూ డ్యూటీ అని చెప్పాను. నన్ను తర్వాత తిట్టుకోండి. ఇప్పుడు కండక్టరుగారి చెయ్యి పట్టుకుని దిగండి. దిగినచోటే నిలబడండి. ఇంకెవరూ రారు. నేనే వస్తాను. కండక్టరుగారూ, ఆకుపచ్చ స్వెట్టరు, గళ్ల శాలువా. మా అత్తయ్యండీ. గట్టిగా లాగకండి, భయపడుతుంది. మీ బస్సులో అంటించిన తప్పిపోయిన వాళ్ల టెంటు నంబరుకి ఫోన్ చెయ్యండి, మీకు పుణ్యముంటుంది."

ఇంకా ఏదో చెప్పబోయి మాని, మీట దించేసి, రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

బయట ఎవరూ కదల్లేదు. ఎవరూ అరవలేదు. స్టేజీ దగ్గర్నుంచి మాత్రం టోపీలు పెట్టుకున్న ఇద్దరు జనాన్ని చీల్చుకుంటూ టెంటు వైపు వస్తున్నారు. "వదినా, పోలీసులు" అంది చిట్టి. మైకమ్మ తల ఎత్తలేదు. ఆమె టెంటులోని ఫోన్ వంకే చూస్తోంది. మోగు, మోగు తల్లీ, మోగు.

మోగింది. మొదటి గంట పూర్తవకుండానే లాగింది.

"అమ్మా, నేను కండక్టర్ని. వంతెన మధ్యలో ఆగిపోయాం. మీ అత్తగారు మా బస్సులోనే ఉన్నారమ్మా!"

మైకమ్మకి ప్రాణం లేచొచ్చింది. "బాబూ, నీకు కోటి దండాలు. ఎలా ఉంది? ఏడుస్తోందా?"

"లేదమ్మా. మేమే ఏడ్చాం, బస్సంతా. ఆవిడ మీ గొంతు వినగానే లేచి నిలబడ్డారు. అమ్మా, అది నిజమో కాదో, కాసేపు కూర్చోండి అన్నాను. మా కోడలు అబద్ధం చెప్పదు బాబూ అన్నారు."

మైకమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేనే చెయ్యి పట్టుకుని దింపాను" అంటున్నాడు కండక్టరు. "ఇక్కడే నిలబడమన్నాను. నిలబడ్డారు కూడా. మీకు ఫోన్ చేద్దామని ఇటు తిరిగాను, అంతేనమ్మా, ఒక్క నిమిషం. మా అబ్బాయి పోయాడట, కోడలు పిల్ల ఒక్కతే ఏడుస్తూ ఉంటుంది, నేను దాని దగ్గరికి వెళ్లాలి అని పక్కనున్న వాళ్లతో అన్నారట. ఎటు వెళ్లారో ఎవరూ చూళ్లేదు. చెప్పులు మాత్రం ఇక్కడే ఉన్నాయి."

"వంతెనకి ఏ వైపు, బాబూ? ఏ వైపు?"

అతను ఏం చెప్పాడో వినపడలేదు. మొదటి ఫిరంగి పేలింది. మైదానమంతా కేరింతలు కొట్టింది. వంతెన రెండు చివరలా తాళ్లు తీసేశారు.